పట్టుబడ్డ వేప్‌ల ఫొటో కింద మానడానికి సాయపడే నంబరు కూడా వేయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఈ-సిగరెట్లు పట్టుబడ్డాయన్న వార్త మీ సిటీ పేజీలో తరచూ కనిపిస్తోంది. బల్ల మీద రంగురంగుల డబ్బాలు వరసగా పేర్చి ఉంటాయి. వెనక పోలీసులు, ముందు మొహానికి ముసుగేసిన ఇద్దరు కుర్రాళ్లు. ఫలానా లక్షల సరుకు అని హెడ్డింగు. మొన్న అలాంటి ఫొటో చూడగానే నాకు మొదట తట్టిందేమిటో దాచకుండా చెబుతాను: 'ఆ పచ్చడబ్బా కొత్త ఫ్లేవర్‌లా ఉందే, ఎక్కడ దొరుకుతుందో!' నేను మూడేళ్లు వేప్ (నికోటిన్ ద్రవాన్ని బ్యాటరీతో వేడిచేసి ఆవిరిగా పీల్చే ఈ-సిగరెట్) వాడి, మానేసి ఎనిమిది నెలలైనవాణ్ని. నాకే అలా అనిపిస్తే ఇంటర్ చదివే పిల్లాడి సంగతేమిటి?

మాది ఒంగోలు దగ్గర ఒక పల్లె. మా నాన్న పొగాకు రైతు. బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) దగ్గర రాత్రంతా మేలుకుని ఆకు క్యూరింగ్ చేసి, వేలం కేంద్రంలో బేళ్లు అమ్మి, ఆ డబ్బుతోనే నా ఇంజినీరింగ్ ఫీజులు కట్టాడు. కాబట్టి పొగ మీద నీతులు చెప్పే మొహం నాకు లేదు. ఆయనకు చుట్ట అలవాటు. అన్నం తిన్నాక ఒకటి, పొద్దుగూకాక అరుగు మీద ఇంకొకటి. నేను బీటెక్‌లో సిగరెట్ మొదలుపెట్టాను. ఉద్యోగంలో చేరేసరికి రోజుకు ఒక పెట్టె, అంటే పది. మంచిదని కాదు గానీ, ఆ రెండింటికీ ఒక లెక్క ఉంది.

2022లో వేప్‌కి మారింది సిగరెట్ మానేద్దామనే. వాసన రాదు, బట్టలకు పట్టదు, పెళ్లిచూపులకు వెళ్లేముందు నోట్లో యాలకులు వేసుకునే తిప్పలు ఉండవు. మొదట మామిడి ఫ్లేవర్, తర్వాత పుదీనా, ఆ తర్వాత పుచ్చకాయలో చల్లదనం కలిపినది. నాకు తెలిసినవాళ్లలో పొగాకు ఫ్లేవర్ అడిగినవాడు ఒక్కడూ లేడు. సిగరెట్‌కి బదులుగా మొదలుపెట్టినవాళ్లూ నెల తిరిగేసరికి పళ్ల రుచుల్లోకి దిగిపోయారు. కొందరు ద్రవం మళ్లీ నింపుకునే పాడ్‌లనే రకం వాడేవారు. జేబులో ద్రవం కారిందనీ, ద్రవాన్ని వేడిచేసే తీగ, అదే కాయిల్, మాడి గొంతులో కాలిన దూది రుచి తగిలిందనీ విసుక్కుని, చివరికి అందరూ వాడి పారేసే రకానికే వచ్చారు.

మూడో ఏడు మెట్లెక్కుతుంటే ఆయాసం మొదలైంది. ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన మామూలుగా అడిగే ప్రశ్నే అడిగారు: 'రోజుకు ఎన్ని?' నా దగ్గర జవాబు లేదు. సిగరెట్ అయితే కాలిపోతుంది, పారేస్తాం. ఇంకోటి కావాలంటే లిఫ్ట్ దిగి టీ కొట్టు దాకా నడవాలి. వేప్ దిండు కింద ఉంటుంది. నిద్రలో మెలకువ వస్తే ఒక దమ్ము, టీమ్ కాల్‌లో కెమెరా ఆపి ఒక దమ్ము, ఆఫీసు బాత్రూంలో రెండు. డబ్బా మీద ఇన్ని వేల పఫ్‌లని రాసి ఉంటుంది గానీ, ఎవరు లెక్కపెట్టారు? 'మీరే ఒకరోజు గీతలు గీసుకుని చూడండి' అన్నారు డాక్టరు. మర్నాడు కాగితం పక్కన పెట్టుకుని మొదలుపెట్టాను. మధ్యాహ్నం భోజనానికే నూట పది గీతలు. కాగితం చింపేశాను.

నా డబ్బా మీద 5 శాతం అని ఉండేది. ఐదంటే ఎంతలే అనుకున్నాను. మిల్లీలీటరుకు దాదాపు 50 మిల్లీగ్రాముల నికోటిన్ అని తర్వాత తెలిసింది. యూరోపియన్ యూనియన్ దేశాల్లో పరిమితి 20. మామూలు నికోటిన్ అంత మోతాదులో పీలిస్తే గొంతు మండిపోతుంది. అందుకని బెంజోయిక్ ఆమ్లం లాంటిది కలిపి, నికోటిన్ సాల్ట్ అనే రూపంలో నింపుతారు. గొంతు కోయదు, దగ్గు రాదు. ఇక ఆపమని చెప్పేదేది? పైగా ఆ 5 కూడా నిజమో కాదో చూసేవాడు లేడు.

'లండన్‌లో సిగరెట్ మానడానికి వీటినే ఇస్తున్నారు కదా' అని వాదించే మిత్రులున్నారు. నేనూ అదే వాదించాను. అక్కడ చదువుతున్న మా బాబాయి కొడుకు చెప్పిన మాటేమిటంటే, అక్కడా మోతాదు 20 దాటకూడదు, ట్యాంకు 2 మిల్లీలీటర్లకు మించకూడదు, 18 ఏళ్లలోపు వాళ్లకు అమ్మకూడదు. వాడి పారేసే రకాన్ని 2025 జూన్ 1 నుంచి వాళ్లూ నిషేధించారు. మన దగ్గర దొరికేది సరిగ్గా ఆ రకమే, ఏ పరిమితీ లేకుండా.

చట్టం లేక కాదు. ఈ-సిగరెట్లను నిషేధిస్తూ 2019 సెప్టెంబరులో ఆర్డినెన్స్ వచ్చింది, డిసెంబరులో చట్టమైంది. తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటన అన్నీ నేరమే. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లక్ష వరకు జరిమానా. మళ్లీ దొరికితే మూడేళ్లు, ఐదు లక్షల వరకు. నిల్వ ఉంచినా శిక్ష ఉంది. కానీ నాకు అమ్మినవాడు వాట్సాప్ స్టేటస్‌లో మెనూ పెట్టేవాడు. బిర్యానీ కంటే ముందు వేప్ వచ్చేది. వాడి మొహం నేను చూడలేదు, నా వయసు వాడు అడగలేదు. మా గల్లీ చివర పాన్ డబ్బా పెద్దాయన యూనిఫాంలో ఎవరైనా సిగరెట్ అడిగితే 'మీ నాయన్ని తీస్కరా, ఇస్తా' అని తరిమేస్తాడు. ఆ పాటి అడ్డు కూడా ఇక్కడ లేదు. నా రూమ్మేట్ తమ్ముడు, ఇంటర్ రెండో సంవత్సరం, అదే నంబరు నుంచి తెప్పించుకుంటున్నాడని తెలిసిన రోజు నాకు నిజంగా సిగ్గేసింది. ఆ నంబరు వాడికి నా ఫోన్‌లోంచే వెళ్లింది.

ఇళ్లల్లో చాలామందికి అదేమిటో కూడా తెలియదు. హైలైటర్ పెన్నో, పెన్‌డ్రైవో అనుకుంటారు. మా మేనమామ దగ్గర నోరు జారి వేప్ అంటే, 'వేపపుల్లా? పళ్లకు మంచిది' అన్నాడు.

మానడం గురించి ఎక్కువ చెప్పను. మూడు వారాలు నరకం. చిరాకు, నిద్ర లేదు, ఊరికే ఆకలి. డాక్టరు సలహా మీద నికోటిన్ గమ్ కొన్నాళ్లు నమిలాను. నాలాంటి వాళ్లు సాయం అడగడానికి వెనకాడేది భయంతోనే. నిషేధించిన వస్తువు వాడుతున్నానని చెబితే కేసవుతుందేమోనని. చట్టంలోని శిక్షలు తయారుచేసేవాడికి, తెచ్చేవాడికి, అమ్మేవాడికి, దాచేవాడికి. వాడే అలవాటున్నందుకు విడిగా శిక్షేమీ రాయలేదు. ఈ ముక్క ఎవరైనా పెద్దక్షరాలతో చెబితే బాగుండు.

అందుకే మీకు నా మనవి. సిగరెట్ పెట్టె మీద 1800-11-2356 అని జాతీయ క్విట్‌లైన్ నంబరు, అంటే పొగాకు మానడానికి సాయం చేసే ఫోన్ నంబరు ఉంటుంది. ఉచితం. దొంగతనంగా వచ్చే వేప్ డబ్బా మీద అది ఉండదు గనక, పట్టుబడ్డ సరుకు ఫొటో వేసిన ప్రతిసారీ దాని కింద మీరు వేయండి. ఫ్లేవర్ల పేర్లు కనిపించేలా దగ్గర నుంచి తీసిన ఫొటోలు మానేయండి, అది దుకాణం అద్దాల్లో పెట్టినట్టే ఉంటోంది. ఇంకొకటి, ఆ ముసుగు కుర్రాళ్ల కేసు ఆరు నెలల తర్వాత ఏమైందో, వాళ్లకు సరుకు ఇచ్చినవాడు దొరికాడో లేదో కనుక్కుని రాయండి. ఆ రెండో వార్త నేనింతవరకు చదవలేదు.

నా పేరు వేయకండి. ఒంగోల్లో మా నాన్న తెల్లారి టీతో పాటు చదివేది మీ పేపరే.

ఇట్లు,
మీ పాఠకుడు,
హైదరాబాద్