బ్రేకు హోస్‌కి టెఫ్లాన్ టేపు చుట్టిన మీ కంపెనీకి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: 1972 ఎంజీబీ రోడ్‌స్టర్‌కి (పాత ఇంగ్లీషు ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారు) సస్పెన్షన్, బ్రేకులు రీబిల్డ్ చేశామని బిల్లు తీసుకుని మీరు చేసిన పని గురించి

నమస్కారమండీ.

ఫోన్లో చెప్పాను, వాట్సాప్‌లో ఫొటోలు పెట్టాను. మీ సర్వీస్ అడ్వైజర్ గారు "చూస్తాం సార్" అన్నారు, ఆ తర్వాత నీలం టిక్కులు తప్ప ఏమీ రాలేదు. అందుకే రాతపూర్వకంగా పెడుతున్నాను. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి. ఇది పెయింటు మీద గీత పడిందనో సీటు కవరు రంగు తేడా వచ్చిందనో రాస్తున్న ఫిర్యాదు కాదు. "రెడీ సార్, తీసుకెళ్ళండి" అని మీరు తాళాలు చేతిలో పెట్టిన కారులో బ్రేకు ఏ నిమిషంలో పోతుందో తెలియని పరిస్థితి.

నేను మీకు కారొక్కటే ఇచ్చి చేతులు దులుపుకోలేదు. కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కకి తిరిగే పిన్ను) కిట్టు, వీ8 బుష్‌లు (సస్పెన్షన్ కీళ్ళలో పెట్టే రబ్బరు తొడుగులు), బ్రేకు హోస్‌లు, క్యాలిపర్ (బ్రేకు ప్యాడ్లని నొక్కే భాగం) సీల్సు, బేరింగులు అన్నీ ఇంగ్లండ్ నుంచి తెప్పించి, కస్టమ్స్ డ్యూటీ కట్టి, డబ్బాలో పెట్టి ఇచ్చాను. దాంతో పాటు వర్క్‌షాప్ మాన్యువల్ జెరాక్స్ తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి, ముందు సస్పెన్షన్ పేజీలకి, బ్రేకు పేజీలకి రంగు కాగితాలు అంటించి మరీ ఇచ్చాను. కారుతో పాటు ఆ పుస్తకం కూడా వెనక్కి వచ్చింది. ఒక్క పేజీ మీద కూడా గ్రీజు మరక లేదు. నెలల తరబడి షెడ్డులో ఉన్న పుస్తకం అంత శుభ్రంగా ఎలా ఉందండీ? ఎవరూ తెరవలేదు కాబట్టి. కింద రాసిన సమస్యల్లో ముఖ్యమైనవన్నీ అక్కడి నుంచే మొదలయ్యాయి.

ముందు బ్రేకు సంగతి. కారు తెచ్చుకున్న కొత్తలో పెడల్ బాగానే ఉంది. తర్వాత సిగ్నల్ దగ్గర కాలు నొక్కి ఉంచితే మెల్లగా కిందికి జారడం మొదలైంది. మాస్టర్ సిలిండర్ డబ్బాలో ఆయిల్ తగ్గింది, కుడి ముందు చక్రం లోపలి వైపు తడి. మీవాళ్ళని అడిగితే "కొత్త సీల్సు కదా సార్, నడిపితే సెట్ అవుతాయి" అన్నారు. చెప్పులైతే నడిచే కొద్దీ సెట్ అవుతాయి గానీ బ్రేకు సీల్సు సెట్ అవడం ఏమిటి? కారు నడపడం ఆపేసి, అంబాసిడర్ల కాలం నుంచి పని చేస్తున్న ఒక పెద్ద మెకానిక్ గారిని ఇంటికి పిలిపించాను. ఆయన చక్రం విప్పి, టార్చి వేసి చూసి, ఏమీ అనకుండా నన్ను రమ్మని చెయ్యి ఊపారు. క్యాలిపర్‌లోకి హోస్ వెళ్ళే చోట మర అంచున తెల్లగా పోగు ఒకటి వేలాడుతోంది. గోటితో లాగితే సాగుతూ వచ్చింది. టెఫ్లాన్ టేపు. బాత్రూం కుళాయికి ప్లంబరు చుట్టేది. హోస్‌ని సగం విప్పి పట్టుకుని అటూ ఇటూ ఊపితే రంధ్రంలో వదులుగా కదులుతోంది. వీడియో తీశాను, ఈ లేఖతో పంపుతున్నాను.

ఏం జరిగిందో మీ కుర్రాడే ఫోన్లో అమాయకంగా చెప్పేశాడు, "పెయింట్ పడ్డదని ట్యాప్ పెట్టి చూడీలు సాఫ్ చేసినం సార్" అని. (చూడీలంటే మరలు, ట్యాప్ అంటే మరలు కోసే పనిముట్టు.) ఏ ట్యాప్ బాబూ అంటే "టెన్ ఎమ్మెమ్" అన్నాడు. అయిపోయింది. ఈ కారులో బ్రేకు మరలు అంగుళాల లెక్క, క్యాలిపర్ రంధ్రం 3/8 అంగుళం యూఎన్ఎఫ్ అనే సన్న మర, అంగుళానికి 24 చుట్లు. మీ షెడ్డుకి రోజూ వచ్చే కార్లకి ఉండేది 10 మిల్లీమీటర్ల మెట్రిక్ మర, చుట్టుకి 1 మిల్లీమీటరు. 3/8 అంగుళం అంటే 9.525 మిల్లీమీటర్లు. తేడా అర మిల్లీమీటరు కూడా లేదు, కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, ట్యాప్ కూడా కొంచెం బలంగా తిప్పితే దిగిపోతుంది. దిగుతూ దిగుతూ ఉన్న మరని చెక్కేస్తుంది. ఆ తర్వాత నేనిచ్చిన అసలు హోస్ పెడితే లూజుగా ఉంది. లూజుగా ఉందని తెలిసిన మనిషి ఆగి పైవాళ్ళని అడగాలి, టేపు చుట్టకూడదు. అతన్ని తిట్టి ప్రయోజనం లేదు, పని నేర్పి, చేసిన పని చూడాల్సిన సూపర్‌వైజర్ ఎక్కడున్నారు? మీ జాబ్ కార్డులో "ఫైనల్ ఇన్‌స్పెక్షన్" గడిలో సంతకం కూడా ఉంది.

టేపు ఎందుకు పనికిరాదో కూడా చెప్తాను, మళ్ళీ "లీకు ఆగింది కదా సార్" అనకుండా. బ్రేకు జాయింటులో ఆయిల్‌ని ఆపేది మర కాదు, చివర రెండు ముఖాలు గట్టిగా ఒత్తుకుని ఆపుతాయి. ఆ ఒత్తిడిని వదలకుండా పట్టి ఉంచడమే మర పని. పట్టే మరే లేనప్పుడు టేపు దేన్ని పడుతుంది? గట్టిగా బ్రేకు కొడితే గొట్టాల్లో పీడనం టైరులో గాలి కన్నా పదుల రెట్లు ఎక్కువ. పైగా ఈ కారుకి బ్రేకు సర్క్యూట్ (ఆయిల్ వెళ్ళే దారి) ఒక్కటే. అమెరికాకి పంపిన ఎంజీబీలకి 1968 మోడల్ నుంచే రెండు సర్క్యూట్లు ఇచ్చారు గానీ నాది బ్రిటన్ మార్కెట్ కోసం చేసిన కారు. అంటే ఆ ఒక్క హోస్ ఊడితే నాలుగు చక్రాలకీ బ్రేకు ఉండదు, మిగిలేది హ్యాండ్‌బ్రేకు. అదే కారులో మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని బంజారాహిల్స్ దిగుడులో వచ్చాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

ఈ మాట మీ మేనేజర్ గారితో అంటే ఆయన నవ్వుతూ "ఓల్డ్ కార్ కదా సార్, ఇట్లాంటివి ఉంటాయి" అన్నారు. ఇంకోసారి ఆ మాట ఎవరితోనూ అనకండి. ఎంజీబీ అనేది ఎవరో పెరట్లో కూర్చుని కొట్టిన బండి కాదు. 1962 నుంచి 1980 వరకు ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో 5 లక్షలకు పైగా తయారయ్యాయి. ప్రతి బోల్టుకీ ఎంత టార్క్ ఇవ్వాలో, ప్రతి బేరింగుకీ ఎంత ఆట (కదిలే సందు) ఉండాలో అచ్చు వేసిన లెక్క ఉంది. దీని బీ-సిరీస్ ఇంజనే చిన్న సైజులో మన అంబాసిడర్లలో దశాబ్దాల పాటు తిరిగింది, కాబట్టి హైదరాబాద్‌లో ఈ జాతి కారు తెలిసిన చేతులు లేవని కూడా అనలేరు. పార్టులా, ఇంగ్లండ్‌లో ఈరోజుకీ కొత్త బాడీ షెల్ సహా తయారు చేసి అమ్ముతున్నారు. (మీ ఫ్రంట్ డెస్క్ అబ్బాయి "హెక్టర్ పార్టు ఏమన్నా సెట్ అవుతదేమో చూద్దామా" అన్నాడు. ఆ కొత్త కారు బ్యాడ్జీ మీద కూడా ఎంజీ అని ఉంటే చాలనుకున్నాడు కాబోలు. సరే, అది వదిలేద్దాం.)

ఇక సస్పెన్షన్. స్టీరింగ్ తిప్పితే రాయి తిప్పినట్టుంది, మలుపు తిరిగాక దానంతట అది నిటారుకి రావడం లేదు, చేత్తో లాక్కోవాలి. మీరు చెప్పిన కారణం "కొత్త కింగ్‌పిన్ సార్, టైట్ ఉంటది". మెకానిక్ గారు విప్పి చూస్తే బుష్‌లు ప్రెస్ కొట్టి దించారు గానీ రీమింగ్ చేయలేదు. బుష్ దించాక లోపల కొలతకి రీమర్‌తో సాఫు చేస్తేనే పిన్ను స్వేచ్ఛగా తిరుగుతుంది, ఇది కింగ్‌పిన్ ఉన్న ఏ బండికైనా మొదటి పాఠం. మీరు పిన్నుని సుత్తితో దించినట్టున్నారు, తల మీద దెబ్బల గుర్తులున్నాయి. అక్కడితో ఆగినా బాగుండేది. ఈ కారుకి ఒక్కో వైపు ముందు సస్పెన్షన్‌కి మూడు గ్రీజు నిపుల్సు ఉంటాయి. కుడి వైపు గ్రీజు గన్ పెట్టి కొడితే పాత నల్ల గ్రీజు బయటికి నెట్టుకుంటూ కొత్తది వస్తోంది. ఎడమ వైపు కింది నిపుల్ దగ్గర గన్ హ్యాండిల్ బిగుసుకుపోయింది, బలమంతా పెట్టినా చుక్క దిగలేదు. ఎందుకంటే బుష్‌లో ఉన్న గ్రీజు రంధ్రాన్ని యాక్సిల్‌లో రంధ్రానికి ఎదురుగా కాకుండా పక్కకి తిప్పి దించారు. అంటే ఆ పిన్ను ఎండిపోయి తిరుగుతోంది, ఇలాగే నడిపితే ఇంగ్లండ్ నుంచి తెప్పించిన కొత్త కిట్టు అరిగిపోయి మళ్ళీ మొదటికొస్తుంది.

వీ8 బుష్‌లు 1973-76 మధ్య వచ్చిన ఎంజీబీ జీటీ వీ8 కోసం చేసినవి, మామూలు వాటికన్నా మన్నుతాయని నేనే ఏరి తెప్పించాను. వాటిలో రబ్బరు లోపలి ఇనుప గొట్టానికి అతుక్కుని ఉంటుంది. అందుకే కారుని చక్రాల మీద దించి, బరువు పడ్డాక బోల్టు చివరి బిగింపు ఇవ్వాలి. మీరు జాకీ మీద కారు వేలాడుతుండగానే బిగించేశారు. దించేసరికి రబ్బరు మెలితిరిగి, ఒక బుష్ అంచు అప్పుడే చీలింది. ఫొటో ఉంది.

ముందు హబ్ బేరింగులకి 2 నుంచి 4 వేల వంతుల అంగుళం ఆట ఉండాలి. అది నట్టు వదులు చేసి తెచ్చేది కాదు, రెండు బేరింగుల మధ్య స్పేసర్ ఉంటుంది, దాని పక్కన షిమ్ములు (పల్చటి రేకు వాషర్లు) వేసి కొలిచి, ఆ తర్వాత నట్టుని పూర్తి టార్క్‌తో బిగించాలి. ఎడమ హబ్‌లో ఒక్క షిమ్మూ లేదు. కాస్త దూరం నడిపి ముట్టుకుంటే చెయ్యి పెట్టలేనంత వేడి. ఆ షిమ్ములు పాత సెట్టులో ఉన్నాయి, పారేశారా దాచారా చెప్పండి.

షాక్ అబ్జార్బర్ల గురించి బిల్లులో "రీకండిషన్డ్, రెండు" అని రాశారు. ఇవి ఆర్మ్‌స్ట్రాంగ్ లీవర్ టైపు, ముందు వైపు వీటి చెయ్యే పై విష్‌బోన్‌గా (చక్రాన్ని పైనుంచి పట్టి ఉంచే చెయ్యిగా) పనిచేస్తుంది, కాబట్టి ఇది పాడైతే కుదుపు ఒక్కటే కాదు చక్రం నిలబడే కోణమే పోతుంది. మీరు చేసిన రీకండిషనింగ్ ఏమిటంటే నల్ల పెయింటు. దాని కింద పాత మట్టి అలాగే ఉంది, షాఫ్టు దగ్గర ఆయిల్ కారి పెయింటు బొబ్బలెక్కి ఊడుతోంది. వెనక కమాను పట్టీలు మీరే ఆర్డర్ చేశారు, అవి రబ్బరు బంపర్ మోడల్‌వి. 1974 చివర అమెరికా రూల్స్ కోసం కారుని దాదాపు అంగుళంన్నర ఎత్తు పెంచారు, ఆ తర్వాతి మోడల్ పట్టీలు నా క్రోమ్ బంపర్ కారుకి వేస్తే వెనక భాగం లేచి హెడ్‌లైట్లు నేలకేసి చూస్తున్నాయి. పార్టు నంబరు సరిచూసి ఉంటే తప్పేది.

ఇంకొకటి. బిల్లులో "డాట్ 5" బ్రేకు ఫ్లూయిడ్ అని ఉంది, మీ అడ్వైజర్ గారు "అది 5.1 సార్" అంటున్నారు. రెండూ వేరు. డాట్ 5 సిలికాన్, డాట్ 4తో కలవదు. 5.1 మాత్రం డాట్ 4 లాంటి గ్లైకాల్ రకమే. లోపల ఏది పోశారో, పాతది పూర్తిగా కడిగారో లేదో రాసి ఇవ్వండి, దాన్ని బట్టే సీల్సు ఉంచాలా తీసేయాలా తేలుతుంది.

నాకు కావాల్సినవి ఇవి. ఈ పనికి తీసుకున్న లేబర్ మొత్తం వాపసు, అందులో బేరసారాలు లేవు. పాడు చేసిన కుడి క్యాలిపర్, చీలిన బుష్, కింగ్‌పిన్ బుష్‌లు, కమాను పట్టీలు, వీటికి డ్యూటీతో సహా అయ్యే ఖర్చు. షాక్ అబ్జార్బర్లకి తీసుకున్న రీకండిషనింగ్ చార్జీ వేరుగా. నా పాత పార్టులన్నీ, మరీ ముఖ్యంగా షిమ్ములు, వెనక్కి ఇవ్వాలి. పని మళ్ళీ ఉచితంగా చేసి ఇస్తామని మీ మేనేజర్ గారు అన్నారు. అక్కర్లేదండీ, ఆ కారుని మీ గేటు దాటించను. పని ఇంకొకరు చేస్తారు, ఖర్చు మీరు కట్టండి.

15 రోజులు చూస్తాను. రాతలో జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవలో లోపం అని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 5 లక్షల లోపు విలువకి ఫీజు కూడా లేదు, ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు ఇప్పటికే తీసుకున్నాను. బిల్లులు, జాబ్ కార్డు, వీడియోలు, మెకానిక్ గారు రాసిచ్చిన రిపోర్టు అన్నీ ఫైలు కట్టి ఉన్నాయి.

డబ్బు సంగతి మీరూ నేనూ కమిషన్ ముందు తేల్చుకోవచ్చు గానీ ఒక్క పని మాత్రం 15 రోజుల దాకా ఆగకుండా ఇవాళే చేయండి. మీ షెడ్డులో పాత ట్రయంఫ్ ఒకటి, ఒక ఆస్టిన్ చూశాను. ఆ 10 ఎమ్మెమ్ ట్యాప్ ఇంకే పాత ఇంగ్లీషు కారు క్యాలిపర్‌లో, వీల్ సిలిండర్‌లో తిప్పారో జాబ్ కార్డులు తీసి చూసి, ఆ ఓనర్లకి ఫోన్ చేసి బండి కదపవద్దని చెప్పండి. చెప్పినట్టు నాకో మెయిల్ పెట్టండి.

ఇట్లు,
మీ కస్టమర్,
తెల్ల ఎంజీబీ ఓనరు, హైదరాబాద్