డ్రెస్డెన్ నుంచి చెల్లికి: డిసెంబర్ అంతా పండగే

బుజ్జీ,

ఎలా ఉన్నావే? అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా, నాన్న పొద్దున వాకింగ్‌కి స్వెటర్ వేసుకునే వెళ్తున్నారా లేదా, ముందు అది రాయి.

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. సెమ్ ఎగ్జామ్స్ నెత్తిమీదున్నాయి, చేతిలో డబ్బుల్లేవు, గ్యాంగ్ అంతా క్రిస్మస్‌కి ఏదో కెఫేకి వెళ్దామంటే తలకి ఎనిమిది వందలట, ఇక నాకేం క్రిస్మస్ అక్కా అని తెగ బాధపడ్డావు. ఫోన్‌లో చెప్తే సగంలోనే "సరేలే అక్కా" అని పెట్టేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నా.

నా మాట ఒక్కటే. ఆశలన్నీ 25వ తారీఖు మీదే పెట్టుకోకు. ఆ రోజు ఎక్కడ చూసినా జనం, ఎక్కడ చూసినా రేట్లు. నెల మొత్తాన్ని కొంచెం కొంచెంగా పండగ చేసుకో. ఇక్కడ జర్మనీలో వీళ్లు చేసేది అదే, ఈ దేశంలో నాకు బాగా నచ్చినదీ అదే. క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు ఆదివారాలు వీళ్లకి చాలా ముఖ్యం. పచ్చటి కొమ్మల్ని గుండ్రంగా చుట్టి టేబుల్ మీద పెట్టుకుని, దాంట్లో నాలుగు కొవ్వొత్తులు గుచ్చి, మొదటి ఆదివారం ఒకటి, రెండో ఆదివారం రెండు, అలా వెలిగిస్తూ పోతారు. డిసెంబర్ 5 రాత్రి పిల్లలు బూట్లు శుభ్రంగా తుడిచి గుమ్మం బయట పెడితే తెల్లారేసరికి అందులో చాక్లెట్లు, కమలాపండ్లు ఉంటాయి. సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోయే ఊరు ఇది, ఇలాంటివి లేకపోతే డిసెంబర్ గడవడం కష్టం. మీకు ఆ బాధ లేదు. హైదరాబాద్‌లో ఏడాది మొత్తానికి బయట తిరగడానికి ఇంతకంటే మంచి నెల లేదు, మధ్యాహ్నం ఎండ కూడా హాయిగా ఉంటుంది.

ముందు నీ ఎగ్జామ్స్ సంగతి. ఇక్కడ డిసెంబర్ 1 నుంచి 24 దాకా రోజుకో చిన్న తలుపు తెరిచే అట్ట క్యాలెండర్ ఉంటుంది, ప్రతి తలుపు వెనకా ఒక చాక్లెట్. అది కొనాల్సిన పనిలేదు. మీరు నలుగురు కదా, ఒక్కొక్కళ్లు ఆరు చీటీలు రాయండి, మొత్తం ఇరవై నాలుగవుతాయి. పాత కవర్లలో పెట్టి, పైన తేదీలు వేసి, తాడుకి బట్టల క్లిప్పులతో తగిలించండి. చీటీలో చాక్లెట్ బదులు ఒక చిన్న పని రాయాలి, ఖర్చు ముప్పై రూపాయలు దాటకూడదు, టైమ్ గంట దాటకూడదు. "ఈ రోజు ఆరింటికల్లా లైబ్రరీ నుంచి బయటపడి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్." "టెన్త్‌లో లెక్కలు చెప్పిన టీచర్‌కి ఫోన్ చెయ్." "నీకు బాగా వచ్చిన యూనిట్ ఇంకొకళ్లకి చెప్పు." ఎగ్జామ్ ముందురోజుకి మాత్రం "పదింటికి పడుకో" అని రాయండి, అది కూడా బహుమతే. రేపు పొద్దున కవర్‌లో ఏముందో అన్న సరదా ఉంటే చదువు మీద విసుగు రాదు, నా మాట నమ్ము.

ఇక నీకు బాగా నచ్చేది, స్టార్. మన వీధిలో మేరీ ఆంటీ వాళ్ల డాబా మీద ప్రతి డిసెంబర్‌లోనూ వెలుగుతుంది చూడు, అలాంటిదే. ఇక్కడికి తూర్పున, చెక్ సరిహద్దుకి దగ్గరగా హెర్న్‌హూట్ అనే చిన్న ఊరుంది, అక్కడి పేరుతో ఒక నక్షత్రం ఈ ప్రాంతం మొత్తం వేలాడుతూ ఉంటుంది, చర్చిల్లో, కిటికీల్లో, మా హాస్టల్ మెట్ల దగ్గర కూడా. దీన్ని సుమారు 200 ఏళ్ల కిందట ఒక బడిలో పిల్లలకి జామెట్రీ నేర్పడానికి చేయించారట. క్లాసు లెక్క కాస్తా పండగ దీపం అయింది! దానికి 25 కొనలు, అందులో 17 చతురస్రం అడుగున్నవి, 8 త్రిభుజం అడుగున్నవి. కొనలన్నీ అతికే లోపలి బంతిలాంటి ఆకారానికి మొత్తం 26 ముఖాలు, 25 మీద కొనలు వస్తాయి, మిగిలిన ఒకటి బల్బు వైరు లోపలికి వెళ్లడానికి వదిలేస్తారు.

నీ దగ్గర కొలతలతో గీతలు గీసే మినీ డ్రాఫ్టర్ ఉంది కదా, నువ్వు చేసెయ్యగలవు. మందపాటి చార్ట్ కొను, తెల్లది గానీ పసుపుది గానీ. అన్ని కొనలకీ అడుగు అంచు ఒకే కొలత ఉండాలి, ఐదు సెంటీమీటర్లు పెట్టుకో, పొడవు పదిహేను. పొడుగు త్రిభుజాలు (చతురస్రం అడుగున్న కొనకి నాలుగు, త్రిభుజం అడుగున్న కొనకి మూడు) పక్కపక్కన గీసి, అతికించడానికి అంచుల్లో అర సెంటీమీటరు ఎక్కువ వదిలి, మడతపెట్టే గీతల మీద రీఫిల్ అయిపోయిన పెన్నుతో గట్టిగా గీస్తే మడత సరిగ్గా వస్తుంది. అడుగు భాగం మూసేయకు, తెరిచే ఉంచి అంచుకి అంచు అతికించుకుంటూ పోతే లోపల బోలుగా ఉండి వెలుతురు కొనదాకా వెళ్తుంది. ఒక్కదానివే కూర్చుంటే విసుగొస్తుంది, నలుగురూ కలిసి కబుర్లు చెప్పుకుంటూ చేస్తే ఒక ఆదివారం హాయిగా గడిచిపోతుంది. లోపల చిన్న ఎల్ఈడీ బల్బే పెట్టు, పాతరకం పసుపు బల్బు వేడెక్కి కాగితం కాలుతుంది. మిగతా అలంకరణ ఏం కావాలన్నా బేగంబజార్‌లో డజన్ల లెక్కన కొని పంచుకోండి, మాల్‌లో ఒక్కటి కొనే డబ్బుకి అక్కడ సంచి నిండుతుంది.

ఇక్కడి క్రిస్మస్ సంత గురించి అడిగావు. మా ఊరి సంత 1434లో మొదలైంది, జర్మనీలో బాగా పాతవాటిలో ఒకటి. టికెట్ లేదు, ఎంతసేపైనా తిరగొచ్చు, చెక్కబొమ్మల దుకాణాల ముందు నిలబడితే కదలబుద్ధి కాదు. స్టూడెంట్లందరం చేసేది ఒకటే, ఒక వేడి పానీయం కొనుక్కుని రెండు చేతులతో కప్పు పట్టుకుని అన్నీ చూసుకుంటూ తిరగడం. కప్పుకి ముందు డిపాజిట్ తీసుకుంటారు, తిరిగిస్తే ఇచ్చేస్తారు. ఆ పానీయం మామూలుగా వైన్‌తో చేస్తారు, పిల్లల కోసం వైన్ లేకుండా చేసేది మన ఇంట్లోనే కుదురుతుంది: యాపిల్ జ్యూస్ సగం, నల్లద్రాక్ష జ్యూస్ సగం, ఒక దాల్చినచెక్క, నాలుగు లవంగాలు, తొక్కతోనే గుండ్రంగా కోసిన కమలాపండు ముక్కలు (తొక్క బాగా కడగాలి). సన్నటి మంట మీద పావుగంట ఉంచు, మరగనివ్వకు, మరిగితే తొక్క చేదు దిగుతుంది. రాత్రి డాబా మీద చదువుకునేటప్పుడు ఫ్లాస్క్‌లో పోసుకో. నాన్నకీ నచ్చుతుంది.

కేక్ విషయంలో పెద్దగా చెప్పడానికేం లేదు, కిస్‌మిస్, ఖర్జూరం, టూటీఫ్రూటీ కమలారసంలో రాత్రంతా నానబెడితే చాలు, కుక్కర్ గాస్కెట్, విజిల్ తీసేసి అమ్మే చేసిపెడుతుంది.

అంతకంటే ముఖ్యమైనది, 23న గానీ 24న గానీ మేరీ ఆంటీ వాళ్లింటికి వెళ్లు. కేక్ పంపితే తీసుకుని థాంక్యూ చెప్పడం కాదు, పొద్దునే వెళ్లి ఆమె పక్కన పొయ్యి దగ్గర నిలబడి గులాబీ పువ్వులు (నూనెలో వేయించే పిండివంట) చేయడం నేర్చుకో. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు ఆమే నాకు నేర్పింది. ఇత్తడి అచ్చు ముందు నూనెలో బాగా కాగాలి, కాగిన అచ్చుని పిండిలో ముప్పావు వంతే ముంచాలి, పైదాకా మునిగిందంటే పువ్వు ఊడి రాదు. మళ్లీ నూనెలో పెట్టగానే చుట్టూ బుడగలు లేస్తాయి, అవి తగ్గుతుండగా చిన్నగా కదిపితే పువ్వు తనంతట తనే జారుతుంది. మొదటి రెండు మూడు అతుక్కుంటాయి, అచ్చు అలవాటు పడాలి అంటుంది ఆంటీ. అరిసెల పాకం కూడా అక్కడే చూడొచ్చు. వెళ్లేటప్పుడు అమ్మ చేసిన సకినాలు తీసుకెళ్లు, ఖాళీ చేతులతో వెళ్లకు. రాత్రి క్యారల్స్ వాళ్లు వీధిలోకి వస్తే ముసుగుతన్ని పడుకోకుండా గేటు దగ్గరికి వెళ్లి నిలబడు, గిటార్, డోలక్‌తో పాడుతుంటే ఎంత బాగుంటుందో. ఇక్కడ నాకు దొరకనిది అదొక్కటే. మీ కాలేజీలో సెమీ క్రిస్మస్ (పండగకి ముందే జరిపే వేడుక) చేస్తే దానికీ వెళ్లు, నీ ఫ్రెండ్స్‌లో పండగ ఉన్నవాళ్లు నువ్వు వచ్చావని ఎంత సంతోషిస్తారో చూడు.

ఒక పూర్తి రోజు దొరికితే మెదక్ వెళ్లండి. ఆ ఎనిమిది వందల కెఫే వద్దు, ఇది చాలు. సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండ్‌లో బస్సు ఎక్కితే దగ్గరదగ్గర వంద కిలోమీటర్లు, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహాలక్ష్మి పథకం కింద ఆడపిల్లలకి టికెట్ డబ్బులు లేవు, తెలంగాణ అడ్రస్ ఉన్న ఆధార్ కార్డు మర్చిపోకండి. అక్కడి చర్చి 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది, పదేళ్లు కట్టారు. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే పాదిరిగారు కరువు కాలంలో జనానికి పని ఇచ్చి, ఆ పనికి తిండి పెట్టి కట్టించిన గుడి అది, అందుకే అక్కడి వాళ్లు ఇప్పటికీ ఆయన గురించి అంత ప్రేమగా చెప్తారు. గోపురం 175 అడుగులు. లోపల మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు, యేసు పుట్టుక ఒకదాంట్లో, సిలువ ఒకదాంట్లో, ఆరోహణం ఒకదాంట్లో. ఆ బొమ్మలు బయటి ఎండ పడితేనే వెలుగుతాయి, పొద్దుగూకాక వెళ్తే ఏమీ కనపడదు, కాబట్టి మధ్యాహ్నానికల్లా లోపల ఉండేలా బయల్దేరండి. 25న మాత్రం వద్దు, ఇసకేస్తే రాలనంత జనం ఉంటారు, మామూలు రోజున వెళ్తే బల్ల మీద కూర్చుని కళ్లారా చూడొచ్చు. అన్నం, పచ్చడి డబ్బా కట్టుకెళ్లండి.

హైదరాబాద్‌లోనే చర్చి చూడాలంటే గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్స్, సికింద్రాబాద్‌లో సెయింట్ మేరీస్, ఏదైనా సరే. పశువుల పాక అలంకరణ చూడటానికి సాయంత్రం చాలు. 24 అర్ధరాత్రి ప్రార్థనకి వెళ్తానంటే నాన్నతోనే వెళ్లు, ఆ టైమ్‌కి మెట్రో ఉండదు. వెనక బల్ల మీద కూర్చో, ప్రార్థన జరిగేటప్పుడు ఫోన్ బయటికి తీయకు.

బహుమతుల సంగతి: చీటీలు తీసి ఒక్కొక్కళ్లు ఒక్కళ్లకే ఇవ్వండి, నూట యాభై దాటకూడదని గట్టిగా అనుకోండి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఉన్నంతకాలం ఆ డబ్బుకి మంచి బహుమతి దొరక్కపోవడం ఉండదు. మొదటి పేజీలో ఎందుకు ఇస్తున్నావో నాలుగు లైన్లు రాసి, పాత పేపర్‌లో చుట్టి, మల్లెదారంతో కట్టు.

నా గురించి బెంగపడకండి అని అమ్మకి చెప్పు. ఇక్కడ 24 మధ్యాహ్నానికే షాపులు మూసేస్తారు, 25, 26 రెండు రోజులూ సెలవే, అందుకే ముందే బియ్యం, పప్పు, కూరగాయలు తెచ్చి పెట్టుకున్నాను. హాస్టల్లో ఉండిపోయిన వాళ్లం కలిసి వండుకుంటున్నాం, నా వంతు కోడికూర, బగారా అన్నం. అమ్మని బగారాకి నీళ్ల కొలత అడిగి వాయిస్ మెసేజ్ పెట్టించు, ఇక్కడి బాస్మతికి ఎంత పోయాలో ఆమె లెక్క ప్రకారమే పోస్తాను. నీ ఎగ్జామ్ టైమ్‌టేబుల్ ఫొటో కూడా పంపు, మెదక్‌కి ఏ రోజు ఖాళీయో చూసి చెప్తాను.

ప్రేమతో,
అక్క