కనుమ పంక్తిలో అల్లుడికి వేరే పళ్లెం వద్దు

పర్లాకిమిడి,
డిసెంబరు 28.

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. కొత్త అల్లుడు మొదటి పెద్దపండుగకు వస్తున్నాడన్న సంతోషంతో మొదటి పేజీ నిండిపోతే, అతను మాంసమే కాదు, పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా ముట్టడన్న దిగులు రెండో పేజీ అంతా పరుచుకుని ఉంది. భోగికీ సంక్రాంతికీ పులిహోర, గుమ్మడికాయ పులుసు, నేతి చుక్క తగలని అరిసెలు చేసి గట్టెక్కవచ్చు గాని, కనుమ నాడు ఇంటిల్లిపాదీ కోడికూరా గారెలతో కూర్చున్నప్పుడు ఆ అబ్బాయికి ఏం వడ్డించాలో చెల్లెమ్మకు తోచడం లేదని రాశావు. మొన్న క్రిస్మస్ రాత్రి మా ఇంట్లో మాంసం లేకుండా పఫ్ పిండిలో చుట్టి కాల్చిన వెల్లింగ్టన్ అనే వంటకం సంగతి మీ చెల్లెలు ఫోనులో చెప్పిన దగ్గర నుంచి నీ మనసు దాని మీదే ఉన్నట్టుంది. అది చేసే పద్ధతి పూర్తిగా రాస్తాను, ఓపికగా చదువు.

మా పెద్దమ్మాయి భువనేశ్వర్‌లో చదువుకుంటున్న రోజుల్లోనే పాల పదార్థాలు మానేసింది. ఆ మొదటి క్రిస్మస్‌కు మేమందరం బిర్యానీ తింటుంటే, దాని కోసం విడిగా టమాటా అన్నం వండి, విడిగా ఒక గిన్నెలో తెచ్చి దాని పక్కన పెట్టాము. అది ఏమీ అనలేదు. కానీ ఒకే పంక్తిలో కూర్చున్న పదిమందిలో తొమ్మిది పళ్లాల నుంచి ఒక వాసన, ఒక్క పళ్లెం నుంచి మరొక వాసన రావడం నేను ఈ రోజుకీ మరచిపోలేదు. పండుగ నాడు బల్ల మధ్యన ఒక పెద్ద వంటకం ఉండాలి, దానిని అందరి ఎదుటా కోయాలి, అందులో ప్రతి ఒక్కరికీ ఒక ముక్క అందాలి. ఈ వంటకం మీద నాకు ఇంత మమకారం కలగడానికి కారణం అదే. నీ అల్లుడికి కూడా అందరితో పాటు ఆ ముక్కే వెయ్యి, అతనికంటూ ప్రత్యేకంగా ఏదీ చెయ్యవద్దు.

అసలు వెల్లింగ్టన్ అంటే గొడ్డుమాంసపు ముక్క చుట్టూ సన్నగా తరిగి వేయించిన పుట్టగొడుగుల ముద్దను పట్టించి, దానిని పఫ్ పిండిలో చుట్టి కాల్చే ఇంగ్లీషు వంటకం. 1815లో వాటర్లూలో గెలిచిన డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ పేరుతో దీనిని ముడిపెడతారు గాని, ఆయన దీనిని తిన్నాడని చెప్పే ఆధారం మాత్రం లేదు. ఆయన ఆర్థర్ వెల్లెస్లీగా మన దేశంలో ఉన్నప్పుడు, 1803 డిసెంబరు 17న నాగపూరు భోంస్లేతో దేవగాఁవ్ సంధి చేసుకున్నాడు. కటకం, బాలేశ్వరం ప్రాంతాలు మరాఠాల చేతి నుంచి కుంపినీకి దక్కింది ఆ సంధితోనే. ఒడిశా చరిత్రలో ఇంత చోటున్న మనిషి పేరు గల వంటకాన్ని మనం మాంసం తీసేసి, మన దినుసులతో చేసుకుంటున్నాము.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ వంటకానికి శత్రువు నీరు. నేను మొదటిసారి చేసినప్పుడు పైన బంగారు రంగులో ఎంతో అందంగా పొంగింది, కత్తి కూడా కరకరలాడుతూ దిగింది, కానీ ముక్కను ఎత్తబోతే అడుగు పిండి పచ్చిగా, మెత్తగా పళ్లానికి అంటుకుని ఊడిపోయింది. లోపలి కూరను నీరు ఇగరకుండానే, అదీ వేడిగా ఉండగానే పిండిలో పెట్టడం నేను చేసిన తప్పు. ఆ వేడికి పిండి పొరల మధ్యనున్న కొవ్వు పొయ్యిలోకి వెళ్లకముందే కరిగిపోయింది, కూరలోని నీరు అడుగుకు దిగింది. ఆ రెండు పొరపాట్లు జరగకుండా చూసుకుంటే మిగిలిన పని సులువే.

కిలో పుట్టగొడుగుల్లో దాదాపు 900 గ్రాములు నీరే ఉంటుంది. ఎండాకాలంలో దొరికే వరిగడ్డి ఛతు (ఒడియాలో ఛతు అంటే పుట్టగొడుగు) ఈ చలిలో రాదు కాబట్టి, 600 గ్రాముల బటన్ ఛతు, 400 గ్రాముల ఢింగ్రీ ఛతు, అంటే ఆయిస్టర్ పుట్టగొడుగులు, తీసుకో. మిక్సీలో వేస్తే ముద్దయిపోతుంది కనుక, కత్తితోనే మినపగింజంత ముక్కలుగా తరగాలి. వెడల్పాటి ఇనుప మూకుడులో నూనె వెయ్యకుండా, మూత పెట్టకుండా, కొంచెం ఉప్పు చల్లి పెద్ద మంట మీద వేయించు. ఐదు నిమిషాలకు మూకుడు నిండా నీరు ఊరి బుడబుడమని ఉడుకుతుంది. అప్పుడు కంగారుపడకు, ఇంకో పావుగంట అలా కలుపుతూనే ఉండు. క్రమంగా ఆ బుడబుడ తగ్గి చిటపట మొదలవుతుంది, పచ్చి వాసన పోయి వేయించిన శనగల లాంటి కమ్మని వాసన వస్తుంది. గరిటెతో మూకుడు మధ్యలో ఒక దారి చేసి చూడు. ఆ దారిలోకి నీరు జారకుండా, గరిటె గీసిన గీత అలాగే నిలిస్తే అయినట్టు. కిలో తూకం 350 గ్రాములకు అటూ ఇటూగా దిగుతుంది. ఈ ఒక్క పనిలో తొందరపడవద్దని చెల్లెమ్మకు నా మాటగా చెప్పు.

ఆ తరువాతే 2 చెంచాల నూనె పోసి, సన్నగా తరిగిన 2 పెద్ద ఉల్లిపాయలు, 8 వెల్లుల్లి రెబ్బలు వేసి ఎర్రగా వేగనిచ్చి, చెంచాడు మిరియాల పొడి, 2 చెంచాల సోయా సాస్, అర చెంచా వాము నలిపి వెయ్యి. ఇంగ్లీషు వాళ్లు ఇందులో థైమ్ అనే ఆకు వేస్తారు. ఆ ఆకుకు వాసననిచ్చే థైమాల్ మన వాములోనూ ఉంది కాబట్టి, ఆ ఆకు కోసం విశాఖపట్నం దాకా కబురు పెట్టనక్కరలేదు. దీనికి ఉడికించి నీరు వార్చి మెదిపిన రాజ్మా 300 గ్రాములు, వేయించి బరకగా దంచిన పలాస జీడిపప్పు 150 గ్రాములు కలపాలి. గుడ్డు లేకుండా ముద్ద పట్టి ఉండడానికి 2 పెద్ద చెంచాల అవిసె గింజల పొడిని 6 పెద్ద చెంచాల నీటిలో పది నిమిషాలు నానబెడితే జిగురుగా తయారవుతుంది, అదీ వేసి కలుపు. ఇంకా తడి మిగిలితే పీల్చుకోవడానికి బ్రెడ్డు పొడి వాడతారు గాని, బ్రెడ్డులో పాలు ఉండవచ్చు. అందుకు బదులు నేను మన మూఢీని పొడి చేసి ఒక గిన్నెడు కలిపాను. మరమరాల పొడి ఎంత చక్కగా తడి పీలుస్తుందో చూస్తే, ఇక ముందు కట్లెట్లకు కూడా నువ్వు బ్రెడ్డు వాడవు. ఈ ముద్ద పూర్తిగా చల్లారాక ఒక రాత్రి ఫ్రిజ్జులో ఉంచాలి.

మధ్యలో పెట్టడానికి చిలగడదుంపలు నాకు బాగా నచ్చాయి. సన్నగా పొడవుగా ఉన్నవి 400 గ్రాములు తొక్కతో కాల్చి, తొక్క తీసి, ఒకదాని వెనుక ఒకటి వరుసగా పేర్చితే, కోసినప్పుడు ప్రతి ముక్క నడుమా ఒక గుండ్రని బిళ్ల కనబడుతుంది. ఉడికించితే నీరు పట్టేస్తాయి కాబట్టి కాల్చే వండాలి.

ముద్దకూ పఫ్ పిండికీ మధ్య తడిని ఆపే పొర ఒకటి కావాలి. ఇంగ్లీషు పద్ధతిలో పాలు, గుడ్లతో చేసిన పల్చని అట్టు వేస్తారు. దీనికి ఏం చెయ్యాలా అని ఆలోచిస్తున్నప్పుడు మా పక్కింటి ఒడియా మావుసి తలుపు తట్టి, ఆకులో చుట్టిన వేడి సరు చకుళి ఇచ్చి వెళ్లింది. బియ్యం, మినపప్పు రుబ్బి కాగితమంత పల్చగా పోసిన ఆ అట్టులో పాలూ లేవు, గుడ్డూ లేదు. నాలుగు చకుళిలను నూనె తక్కువగా కాల్చి, ఆరబెట్టి, ఒకదాని అంచు మీద ఒకటి పరిచి, వాటిలో ముద్దను చుట్టాను. అడుగు తడవడం ఆ రోజుతో ఆగిపోయింది. కనుమ నాడు మినుము తినాలన్న మన పెద్దల మాట కూడా నీ ఇంట్లో ఈ విధంగా నెరవేరుతుంది.

పఫ్ పిండి దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండు. మా ఊళ్లో ఒక బేకరీకి వెళ్లి కాల్చని పఫ్ షీటు అరకిలో ఇవ్వమని అడిగితే, అందులో వెన్న లేదనీ, అంతా వెజ్ అనీ ఆ కుర్రవాడు హామీ ఇచ్చాడు. కొవ్వు డబ్బా ఒకసారి చూపించమన్నాను. లోపలి నుంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆకుపచ్చ చుక్క స్పష్టంగా ఉంది, కానీ అడుగున చీమల బారులాంటి అక్షరాల్లో పాల ఘనపదార్థాలని కూడా ఉంది. అతను అబద్ధమాడలేదు, ఎందుకంటే మన దేశంలో ఆకుపచ్చ చుక్క ఉన్న వస్తువుల్లో పాలు ఉండవచ్చు. పాలు సైతం లేని వీగన్ ఆహారానికి 2022లో విడిగా నియమాలూ, చిన్న ఆకుతో కూడిన ఆకుపచ్చ ‘వి’ గుర్తూ వచ్చాయి. కాబట్టి కొనేటప్పుడు ఆ గుర్తు వెతుకు, లేకపోతే దినుసుల పట్టిక చివరి దాకా చదువు. మార్గరిన్‌లోనూ వనస్పతిలోనూ ట్రాన్స్ కొవ్వు ఉంటుందని చెల్లెమ్మ భయపడవచ్చు. 2022 జనవరి నుంచి నూనెల్లోనూ కొవ్వుల్లోనూ అది 2 శాతానికి మించకూడదన్న నియమం ఉందని చెప్పు. అయినా ఇది రోజూ తినే తిండి కాదు, ఏడాదికి ఒకసారి చేసుకునేది.

నన్నడిగితే పిండి ఇంట్లోనే చేసుకోవడం మేలు. మీ జయపురం చలి ఈ పనికి ఎంతో అనుకూలం. పావుకిలో మైదా, అర చెంచా ఉప్పు, చెంచాడు నిమ్మరసం, 2 చెంచాల నూనె, సుమారు 125 మిల్లీలీటర్ల చల్లని నీరు కలిపి ముద్ద చేసి, అరగంట చల్లబెట్టు. 200 గ్రాముల పాలు లేని మార్గరిన్‌ను చదరపు పలకలా ఒత్తి, పిండి మధ్యలో పెట్టి నాలుగు వైపుల నుంచీ మడిచి, పొడవుగా వత్తి, ఉత్తరం మడిచినట్టు మూడు మడతలు వెయ్యి. ఇలా ఆరుసార్లు వత్తి మడవాలి, రెండు మడతలకొకసారి అరగంట ఫ్రిజ్జులో పెట్టాలి. ఒక్కో మడతకు పొరలు మూడింతలవుతూ ఆరో మడతకు 729 అవుతాయి. పొయ్యి వేడికి పిండిలోని నీరు ఆవిరై ఆ పొరలను పైకి లేపుతుంది, కొవ్వు అవి ఒకదానికొకటి అంటుకోకుండా చూస్తుంది. కొవ్వు ముందే కరిగి పిండిలో కలిసిపోతే అది పఫ్ కాదు, మామూలు రొట్టె అవుతుంది. మధ్యలో చేతికి జిడ్డు తగిలితే వత్తడం ఆపి వెంటనే ఫ్రిజ్జులో పెట్టెయ్యి.

పిండిని సుమారు 40 సెంటీమీటర్ల పొడవు, 32 సెంటీమీటర్ల వెడల్పు వచ్చేలా వత్తి, చకుళి చుట్టిన ముద్దను మధ్యలో ఉంచి, అంచులకు నీరు రాసి, రెండు వేళ్ల మేర ఒకదాని మీదకొకటి వచ్చేలా మూసి, అతుకు అడుగుకు వచ్చేలా తిప్పి, బేకింగ్ కాగితం మీద పెట్టాలి. అరగంట చల్లబెట్టాక, గుడ్డు సొనకు బదులు 3 చెంచాల చిక్కని కొబ్బరిపాలలో అర చెంచా బెల్లం పాకం, చిటికెడు పసుపు కలిపి పైన మాత్రమే పల్చగా పూయి. ఆవిరి పోవడానికి మూడు గాట్లు పెట్టు. పొయ్యిని 200 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ముందుగానే వేడి చేసి, రేకును కూడా లోపల కాలనిచ్చి, ఆ కాలిన రేకు మీదకు పొట్లాన్ని కాగితంతో సహా జార్చు. 20 నిమిషాల తరువాత 180కి తగ్గించి మరో 25 నిమిషాలు ఉంచు. మీ ఇంట్లో ఓటీజీ (కరెంటు ఓవెన్) చిన్నదైతే, క్రిస్మస్ కేకు పిండిని మేము పంపించినట్టే, దీనినీ రేకులో పెట్టి తెలిసిన బేకరీకి పంపించవచ్చు. బయటకు తీశాక పావుగంట ఆగి, రొట్టె కోసే పళ్ల కత్తితో రంపంలా కోస్తేనే ముక్కలు చెదరవు. పదిమందికి సరిపోతుంది.

పక్కన ఏం పెట్టాలని అడుగుతావేమో. ఖర్జూరం వేసిన టమాటా ఖట్టా, అంటే ఒడియా వాళ్ల పులుపూ తీపీ పచ్చడి, చాలు. పంచ ఫుటణ (ఐదు రకాల గింజల) తాలింపు, కాస్త బెల్లం, ఆ పులుపూ తీపీ ఈ ముక్కకు చక్కగా నప్పుతాయి.

ఒక్క మాట. మీ అల్లుడికి జీడిపప్పు, సోయా పడతాయో లేదో అమ్మాయిని ఈ రోజే అడిగించు. పడకపోతే జీడిపప్పుకు బదులు వేయించిన పుచ్చగింజలు దంచి వేసి, సోయా సాస్‌కు బదులు కొంచెం చింతపండు రసం చేర్చి, నీరు ఇగరబెట్టవచ్చు. జీడిపప్పు పడుతుందంటే మాత్రం అక్కడి కొట్లలో కొనవద్దు, వచ్చే మంగళవారం నేను పలాస వెళ్తున్నాను, కిలో జీడిపప్పు తెచ్చి బస్సులో పంపిస్తాను. నీ రేకు పొడవెంతో కొలిచి రాయి, 30 సెంటీమీటర్ల కంటే చిన్నదైతే ఒకే పొట్లానికి బదులు రెండు చిన్నవి చేసుకోవాలి, అప్పుడు కాలే సమయం పది నిమిషాలు తగ్గుతుంది.

నీ మిత్రుడు