పన్ను నోటీసు టైముకొస్తుంది, ఎన్నికలే రావు

సంపాదకుడు గారికి,

నమస్కారం. మున్సిపాలిటీల్లో ఎన్నికైన పాలకవర్గం లేనప్పుడు ప్రభుత్వం పెట్టే ప్రత్యేకాధికారుల పాలన గురించి రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్‌లో 2014లో గెలిచిన మున్సిపల్ పాలకవర్గాల గడువు 2019 జులైలో తీరింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. ఆ మధ్యలో మా వీధి మలుపులో డ్రైనేజీ మీది పలక విరిగింది. ఓ రాత్రి స్కూటర్ చక్రం అందులో దిగబడితే, మర్నాడు ఎవరో వేపకొమ్మ గుచ్చి ఎర్రగుడ్డ కట్టారు. అంతకుముందు కౌన్సిలర్ పొద్దున్నే టీకొట్టు దగ్గర దొరికేవాడు. నలుగురిలో నిలదీస్తే సాయంత్రానికల్లా మేస్త్రీని పంపేవాడు. ప్రత్యేకాధికారికేమో ఉన్న ఉద్యోగానికి తోడు మా ఊరు అదనపు బాధ్యత. అర్జీ పట్టుకెళ్తే "సార్ మీటింగులో ఉన్నారు" అన్నారు. కొమ్మ ఎండిపోయింది, ఇంకోటి గుచ్చాం. ఆస్తి పన్ను నోటీసు మాత్రం ఒక్కసారీ ఆలస్యం కాలేదు.

1993 జూన్ 1న అమల్లోకొచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ప్రకారం పాలకవర్గానికి ఐదేళ్లే గడువు, ఆలోపే కొత్త ఎన్నిక పూర్తవ్వాలి. వార్డుల విభజన, ఓటర్ల జాబితా తేలలేదన్న సాకు చెల్లదని 2006లో అహ్మదాబాద్ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఎవరు విన్నారు? విశాఖకు 2012 నుంచి 2021 దాకా పాలకవర్గమే లేదు. ముంబయి 2022 మార్చి నుంచి దాదాపు నాలుగేళ్లు అధికారుల చేతిలో ఉంది. బెంగళూరులో 2020 సెప్టెంబరులో గడువు తీరింది; ఎన్నికలు పెట్టకుండానే 2025లో నగరాన్ని ఐదు కార్పొరేషన్లుగా విడగొట్టారు.

మా దగ్గర వార్డుల హద్దులు, రిజర్వేషన్లు ప్రభుత్వం తేల్చి ఇస్తే గానీ రాష్ట్ర ఎన్నికల సంఘం ముందుకు కదలలేదు. అధికారంలో ఏ పార్టీ ఉన్నా, గెలుస్తామన్న ధీమా లేకపోతే పక్క గ్రామాల విలీనమంటుంది, కోర్టు కేసంటుంది. పైగా కేంద్రం నుంచి వచ్చే 14వ ఆర్థిక సంఘం గ్రాంట్లు ఎన్నికైన పాలకవర్గం ఉన్నచోటికే ఇవ్వాలన్న షరతు ఉండేది. అంటే ఆలస్యం వాళ్లది, నష్టం ఊరిది.

కేరళ సంగతి చూడండి. అక్కడ వార్డుల విభజన కమిషన్‌కు రాష్ట్ర ఎన్నికల కమిషనరే అధ్యక్షుడు. 1995 నుంచి 2025 దాకా ఐదేళ్లకోసారి స్థానిక ఎన్నికలు జరుగుతూనే ఉన్నాయి. కరోనా ఏడాదిలోనూ ఆలస్యమైంది నెల రోజులే.

మన చట్టాన్నీ అలాగే సవరించి, వార్డుల విభజనతో పాటు రిజర్వేషన్ల ఖరారునూ ఎన్నికల సంఘానికి అప్పగించాలి. అది కూడా గడువు తీరాక కాదు, ఏడాది ముందే పని మొదలయ్యేలా.

- ఒక పట్టణ పాఠకుడు