పడకలు సరే, రాత్రిపూట కనిపెట్టుకునేదెవరు?

సంపాదకుడు గారికి,

గోషామహల్‌లో ఉస్మానియా ఆసుపత్రి కొత్త భవనాలకు 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగినప్పటి నుంచి ఎక్కడ విన్నా రెండు వేల పడకల మాటే. 2020 జులైలో పాత భవనం వార్డుల్లోకి వాన నీళ్లు చేరి రోగులను తరలించిన సంగతి తలచుకుంటే, కొత్తది వస్తున్నందుకు నాకెంతో సంతోషంగా ఉంది. అయితే ఆ పడకలను ఎన్నేసి చొప్పున వార్డులు చేస్తారు, నర్సు కూర్చునే చోటి నుంచి ఎన్ని మంచాలు కనపడతాయి అన్నది కూడా జనం అడగాలి.

నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుగా చేసి రిటైరయ్యాను. బోధనాసుపత్రి వార్డుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ఆ లెక్కన 30 పడకలకు పది మంది. ఆ పది మందే మూడు షిఫ్టులకూ సర్దుకోవాలి. వీక్లీ ఆఫ్‌లు, నైట్ ఆఫ్‌లు పోను రాత్రికి ఇద్దరు మిగులుతారు. పోస్టులు ఖాళీగా ఉంటే ఒక్కరే. వార్డు ఎంత ఉండాలో ఆ ఒక్కరిని బట్టే తేల్చాలి.

నేను చేసిన ఒక వార్డు మధ్యలో మలుపు తిరిగి ఉండేది. మా బల్ల తలుపు పక్కన, మందుల గది ఆ చివర. మలుపు అవతల సెలైన్ అయిపోయి ట్యూబులోకి రక్తం ఎక్కుతున్నా, పేషెంటు తాలూకు వాళ్లు "సిస్టర్, సిస్టర్" అంటూ పరుగెత్తుకొస్తేనే మాకు తెలిసేది. తోడు లేని ముసలివాళ్లకు ఎక్కువగా అటువైపు మంచాలే దొరికేవి. వాళ్ల కోసం పరుగెత్తుకొచ్చేవాళ్లు ఎవరుంటారు? నైట్ డ్యూటీలో నా టెన్షనంతా ఆ మంచాల గురించే.

అలాగని అన్నీ సింగిల్ రూములు కట్టమనడం లేదు. ఇన్ఫెక్షన్లు పాకకుండా అవి మంచివే, కానీ ముప్పై తలుపుల వెనక ఏం జరుగుతోందో ఒక్క నర్సు చూసుకోలేదు. వార్డులు మరీ చిన్నవైతే నర్సులు ఎక్కువ కావాలని, మరీ పెద్దవైతే గాలి సరిగా ఆడదని 19వ శతాబ్దంలోనే ఫ్లోరెన్స్ నైటింగేల్ చెప్పింది. ఆమె మొగ్గింది ముప్పై పడకల దరిదాపులకే.

ఆ ముప్పైని ఆరేసి మంచాల భాగాలుగా చేసి, నర్సుల స్టేషన్ మధ్యలో పెట్టాలి. సీరియస్ కేసులు దానికి ఎదురుగా ఉండాలి, మందులూ చేతులు కడుక్కునే సింకూ పక్కనే ఉండాలి. పక్కపక్క వార్డుల స్టేషన్లు ఒకేచోట కలిస్తే, ఒక నర్సు పేషెంటుతో ఐసీయూకి వెళ్లినా రెండో వార్డు నర్సు ఇటు ఓ కన్నేసి ఉంచుతుంది. అటెండెంట్లకూ చోటు చూపాలి. మన దగ్గర ప్రతి రోగి వెంటా ఒకరు ఉంటారు, రాత్రి మంచాల మధ్య నేల మీదే పడుకుంటారు. ఇంజెక్షన్ల ట్రాలీ తోయాలంటే వాళ్లను లేపాల్సిందే.

లోపలి గోడలు కట్టకముందే ప్రభుత్వం ఒక వార్డును అసలు కొలతలతో నమూనాగా కట్టించి, మంచాలు వేయించి, ఇప్పుడు ఉస్మానియాలో నైట్ డ్యూటీ చేస్తున్న సిస్టర్ల చేత అందులో ట్రాలీ తోయించి చూడాలి. వాళ్లు మార్చమన్నవి మార్చాకే మిగతా వార్డుల పని మొదలుపెట్టాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత హెడ్ నర్సు, హైదరాబాద్