రేడియేషన్ రక్షణ పరిశోధనకు నిధులు కేటాయించాలి

రేడియేషన్ వాడే మెషిన్ల మీద పెట్టే ఖర్చులో, దాని నుంచి మనుషుల్ని కాపాడే పరిశోధనకు దక్కేది చాలా తక్కువ, ఇది మారాలి. పన్నెండేళ్లుగా ఎక్స్‌రే, సీటీ స్కాన్ గదుల్లో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. కొత్త స్కానర్ వస్తే అందరూ చూడ్డానికి వస్తారు, రేడియేషన్ ఒంటికి తగలకుండా మేం వేసుకునే సీసం ఏప్రన్‌లో పగుళ్లు వచ్చాయంటే మాత్రం వచ్చే ఏడాది చూద్దాం అంటారు. కంటిలోని లెన్స్‌కు ఏడాదికి 150 మిల్లీసీవర్ట్‌ల (ఒంటికి అందే రేడియేషన్ డోసును కొలిచే యూనిట్) దాకా పర్వాలేదని ఏళ్ల తరబడి అనుకున్నాం, కానీ అంతకంటే చాలా తక్కువ డోసుకే శుక్లాలు వస్తున్నాయని పరిశోధనలో తేలడంతో 2011లో అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ ఆ పరిమితిని ఐదేళ్ల సగటున ఏడాదికి 20కి తగ్గించమంది. ఆ పరిశోధనకు ఎవరూ డబ్బు ఇవ్వకపోయి ఉంటే మా కళ్ల గతేమిటి? హిరోషిమా, నాగసాకిల్లో బతికి బయటపడ్డవారి ఆరోగ్యాన్ని 1950 నుంచి గమనిస్తున్నారు కాబట్టే కేన్సర్ ముప్పు ఎంతో ఈ మాత్రమైనా చెప్పగలుగుతున్నాం, ఇది రెండు మూడేళ్ల గ్రాంటుతో తేలే పని కాదు. ఒక్క ఛాతీ సీటీ డోసు మామూలు ఛాతీ ఎక్స్‌రేకు పదుల రెట్లు ఉంటుంది, పసిపిల్లలకు కూడా మళ్లీ మళ్లీ తీయాల్సి వస్తోంది, ఇలా కొద్దికొద్దిగా పడే డోసు వల్ల ఏమవుతుందనే దానిపై శాస్త్రవేత్తల్లోనే ఇంకా వాదనలు నడుస్తున్నాయి. స్కానింగ్ మెషిన్ కొన్న ప్రతిసారీ దాని ధరలో ఒక్క శాతం ఈ పరిశోధనకు పక్కన పెట్టాలని ప్రభుత్వాలు నిబంధన తేవాలి, కనీసం ఇరవై ఏళ్లు ఆగకుండా నడిచే అధ్యయనాలకే ఆ డబ్బు ఇవ్వాలి, రోగులకు, సిబ్బందికి అందిన డోసుల వివరాలు పేర్లు లేకుండా పరిశోధకులకు అందేలా చూడాలి.