విశ్వాసికి దిగులు రాకూడదా?

సంపాదకులకు,

నిజమైన విశ్వాసికి మనసులో అలజడి ఉండదని, ఉందంటే ప్రార్థన చాలడం లేదనే అర్థమని మొన్న ఒక పాఠకుడు ఈ పేజీలో రాశారు. ఆయన మంచి మనసుతోనే రాసి ఉంటారు. కానీ సరిగ్గా ఈ మాటే నన్ను రెండేళ్లు నోరు విప్పనివ్వలేదు.

నేను రిటైరైన లెక్కల టీచర్ని. మా అమ్మ పోయే ముందు రోజు, మందు వేసుకోలేదని ఆమె మీద గట్టిగా అరిచాను. తెల్లారేసరికి ఆమె లేదు. అప్పట్నుంచి రోజూ రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది. ‘దేవుడు నిన్ను క్షమించడు’ అని లోపల ఒకటే మాట. బైబిల్ తెరిస్తే అక్షరాలు కనబడేవి, ఒక్క ముక్క తలకెక్కేది కాదు. ఆదివారం మాత్రం సంఘంలో ముందు వరసలో నిలబడి పాటలు పాడేదాన్ని. ఎవరైనా అడిగితే ‘దేవుని కృప, బాగున్నాను’ అనేదాన్ని.

చివరికి మా సంఘంలోనే ఒక పెద్దావిడ దగ్గర ఏడ్చేశాను. ఆవిడ ఉపవాసం ఉండమనలేదు, బైబిల్లోని 42వ కీర్తన చదవమన్నారు. ‘నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?’ అని కీర్తనకారుడు తన మనసునే నిలదీస్తాడు. అదీ 42, 43 కీర్తనల్లో కలిపి మూడుసార్లు. అంటే మొదటిసారి అడగ్గానే ఆయన దిగులు పోలేదన్నమాట! ఏ ప్రసంగమూ నాకు అంత ధైర్యం ఇవ్వలేదు.

ఆ వారమే ఒక నోటుపుస్తకం పెట్టాను. రాత్రి వచ్చిన మాట ఉన్నదున్నట్టు ఎడమ పేజీలో, దానికి జవాబు కుడి పేజీలో. పిల్లల లెక్క దిద్దేటప్పుడు ఏ స్టెప్పులో తప్పిందో చూస్తాం కదా, అలాగే. ‘అమ్మ మీద అరిచాను.’ నిజమే, దాన్ని కొట్టెయ్యలేదు. క్షమించమని దేవుణ్ణి అడిగాను. ‘కాబట్టి నాకు ఇక క్షమాపణ లేదు.’ ఇదిగో, స్టెప్పు తప్పింది ఇక్కడ. యేసు ఎవరో ఎరుగనని బొంకిన శిష్యుడు పేతురునే ఆయన మళ్లీ పిలిచి, తన గొర్రెలను మేపమన్నాడు. కుడి పేజీలో అదే రాశాను. ఒకే మాటకు ఒక్క వారంలో పదకొండుసార్లు జవాబు రాసిన సందర్భాలున్నాయి. ఏమీ తోచక ఖాళీగా వదిలేసిన పేజీలూ ఉన్నాయి.

మంచి విషయాలే ఆలోచించు, అన్నీ సర్దుకుంటాయి అనేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. వేటి మీద ధ్యానముంచాలో అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన ఉత్తరంలో చెప్పినప్పుడు మొదట అన్నది ‘ఏవి సత్యమైనవో’ అని. హాయిగా ఉండేవి అనలేదు. పైగా ఆ ఉత్తరం రాసినప్పుడు ఆయన బంధకాల్లో, అంటే ఖైదులో ఉన్నాడు.

నిద్ర కోసం డాక్టర్ దగ్గరకూ వెళ్లాను. అది అవిశ్వాసం అన్నారు కొందరు. కానీ ఇక చాలు, చనిపోతే బాగుండని బదరీవృక్షం కింద పడుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత వాక్యం చెప్పలేదు. లేపి తినమన్నాడు. ఆయన తిని మళ్లీ పడుకుంటే, రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు.

సంఘ పెద్దలకు ఒక మనవి. దేవుడు తమకు చేసిన మేలు అందరి ముందూ చెప్పే సాక్ష్యాల సమయంలో గెలిచినవాళ్లకే మైకు ఇస్తున్నారు. ఇంకా పోరాడుతున్నవాళ్లకూ ఇవ్వండి. పోయిన నెల నేను అడిగి మరీ తీసుకున్నాను. ఆరాధన అయ్యాక ఇద్దరు నా దగ్గరకొచ్చి, ఆ నోటుపుస్తకం ఒకసారి చూపిస్తారా అని మెల్లగా అడిగారు.

- ఒక పాఠకురాలు